మూడు పొరల తెర

ఆ వీధిలో అందరికీ ఆమె పరదాల అత్తయ్య. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు సైతం అలాగే పిలిచేవారు. నిజానికి ఆ పిలుపు మొదట ఒక్క మేనకోడలిదే. చిన్నప్పుడు ఆ పిల్ల దుకాణం గుమ్మంలో నిలబడి "అత్తా!" అని కేకవేస్తే వీధి చివరనున్న మంగలి ఆయన కూడా కత్తెర ఆపి తలెత్తేవాడు. గొంతు అటువంటిది. విని విని, చివరికి వీధి వీధంతా ఆమెకు మేనకోడళ్ళూ మేనల్లుళ్ళూ అయి కూర్చుంది.

పరదాలు కుట్టడం ఆమె మొదలుపెట్టింది వ్యాపారానికి కాదు, ఒక మనిషి నిద్రకోసం. పెళ్ళయిన కొత్తలో ఆమె భర్త ఒక గోదాముకు రాత్రి కాపలా కాసేవాడు. లోకం పళ్ళు తోముకునే వేళకు ఇంటికొచ్చి మంచమెక్కేవాడు. కిటికీలోంచి ఎండ, ఎండవెంట పాలబండి గంటలు, గంటలవెంట పిల్లల అరుపులు. ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. ఒకనాడామె పాత కంబళి ఒకటి చీల్చి, దానికి ముందు పూలగుడ్డ, వెనక నల్లగుడ్డ పెట్టి దళసరిగా ఒక తెర కుట్టి వేలాడదీసింది. పై పొర కంటికి, వెనక పొర వెలుతురుకి, నడిమి పొర చప్పుడుకి. ఆ రోజు ఆయన సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, లేచి, దిండుమీద చెంప అచ్చుతోనే అన్నాడు.

"నాకోసం ఒక రాత్రిని కుట్టి పెట్టావే!"

ఆ మాట ఆమెలో ఉండిపోయింది. ఆయన పోయి చాలాకాలమైనా ఆ తెర దుకాణం వెనక కిటికీకి అలాగే వేలాడుతూ ఉండేది. దుమ్ము దులపడానికి తప్ప ఆమె దాన్ని పక్కకు జరిపేది కాదు.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. కిటికీ వెడల్పుకి రెండున్నర రెట్లు గుడ్డ తీసుకునేది. కుచ్చిళ్ళు నిండుగా పడకపోతే అది తెర కాదు, ఆరేసిన దుప్పటి అనేది. అడుగు మడతలో చిన్న చిన్న సీసపు గుళ్ళు వేసి కుట్టేది, గాలికి అంచు లేవకుండా. అన్నీ అయి, తెర వేలాడదీశాక, గదిలోని వాళ్ళనందరినీ బయటికి పంపి, తెర పూర్తిగా మూసి, మధ్యలో నిలబడి ఒకే ఒక్క చప్పట కొట్టేది. ఆ చప్పుడు గోడనుంచి తిరిగి రాకూడదు. అరచేతుల మధ్యనే పుట్టి అక్కడే పోవాలి. అలా పోతే పని కుదిరినట్టు. ఇళ్ళవాళ్ళు తలుపు బయట నిలబడి నవ్వుకునేవారు, పరదాల అత్తయ్య తనకు తానే చప్పట్లు కొట్టుకుంటోందని.

మేనకోడలు ఆమె దగ్గరికి ఒక సంచితో వచ్చింది. తల్లి పోయింది, తండ్రి, అంటే అత్తయ్య తమ్ముడు, నెలలో ఎక్కువ రోజులు లారీమీదే ఉండేవాడు. పిల్ల గుడ్డలు కోసే బల్లకింద కూర్చుని ముక్కలు ఏరుకుంటూ, నోరు తెరవకుండా గొంతులోనే ఏదో కువకువలాడుతుండేది. అందుకే గువ్వ అని పేరు పడింది. బల్లకింద గువ్వ బల్లమీదికి వచ్చింది, సూది పట్టింది, అంచు కుట్టు వేస్తే పైనుంచి చూసేవాళ్ళకు కుట్టు ఎక్కడుందో తెలిసేది కాదు. అత్తయ్య కుడిచేతి బొటనవేలు మొద్దుబారి, సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయిన రోజుల్లో, ఆ పిల్ల చెయ్యే దుకాణానికి చెయ్యి. తన మిషనుకు ఎదురుగా, మొగుడి తెర ఉన్న కిటికీ ముందు, ఆమె రెండో మిషను వేయించింది. అది గువ్వది. దుకాణం కూడా రేపు గువ్వదే. ఈ సంగతి ఆమె పైకి అనలేదు. ఇందులో అనడానికేముంది అనుకుంది.

గువ్వ మాత్రం సాయంత్రాలు మిషను మూత పెట్టి, గిటారు వీపున వేసుకుని వెళ్ళిపోయేది. తనూ, నిచ్చెన అని అందరూ పిలిచే ఒక పొడుగాటి అబ్బాయీ, పగలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తూ రాత్రిళ్ళు డ్రమ్ములు వాయించే ఒక పిల్లా కలిసి బ్యాండు పెట్టారు.

"ఏం పేరే దానికి?" అని అడిగింది అత్తయ్య.

"అద్దె గది."

"అదేం పేరు? సొంతిల్లు దొరకలేదా మీకు?"

"సొంతిల్లు ఉన్నవాళ్ళు మాలా పాడరత్తా."

"ఎందుకు పాడరు? స్నానాల గదిలో శుభ్రంగా పాడుకుంటారు."

"అవునులే," నవ్వింది గువ్వ. "అక్కడ ఎవరు పాడినా బాగానే ఉంటుంది. నువ్వు పాడినా సరే."

"నా పాట సంగతి ఎత్తావంటే మూతిమీద కుట్టేస్తా."

ఇలా నవ్వుతూనే ఉన్నా, బ్యాండు పేరు మెల్లమెల్లగా దుకాణంలోకి వస్తూనే ఉంది. తెరలు కుట్టించుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు గువ్వను చూసి గుసగుసలాడుకునేవాళ్ళు. ఒకమ్మాయి ఫోనులో పాట పెట్టి, "ఇది మీరేనా అక్కా?" అని అడిగింది. అత్తయ్య తలవంచుకుని గుడ్డ కోస్తూనే ఉంది. కోత కొంచెం వంకర పోయింది.

ఒక మధ్యాహ్నం గువ్వ దారం పంటితో తెంపి, గుడ్డమీదనుంచి కళ్ళెత్తకుండానే అసలు మాట చెప్పింది.

"వచ్చే ఆదివారం క్లబ్బులో వాయిస్తున్నాం. ఊరూరా కచేరీలు ఏర్పాటు చేసే ఒకావిడ వస్తోందత్తా. నచ్చితే ఈ ఏడాదంతా మమ్మల్ని తనతో తిప్పుతుంది."

"నచ్చకపోతే?"

"నచ్చకపోతే సోమవారం పొద్దున్నే వచ్చి ఈ మిషను మీద కూర్చుంటా. ఇంక కదలను. పాట అని మళ్ళీ అనను."

"నా మీద ఒట్టా?"

"నీ మీద వద్దు. నీ కత్తెర మీద ఒట్టు."

కత్తెర మీద ఒట్టంటే ఆ దుకాణంలో ఆషామాషీ వ్యవహారం కాదు. అత్తయ్య ఆ కత్తెరను ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరగదు, గువ్వకు తప్ప. ఆ రోజునుంచి ఆమెకు నిద్రలో కూడా ఒకటే చిక్కు. పిల్ల గెలవాలని కోరుకుంటే దుకాణం ఖాళీ. ఓడాలని కోరుకుంటే, ఆ కోరిక పట్టుకుని పిల్ల ముఖం ఎలా చూడడం? ఏదీ కోరుకోకుండా ఉందామనుకుంది. మనసు అంత తేలిగ్గా మాట వింటుందా?

సరిగ్గా అప్పుడే క్లబ్బాయన వచ్చాడు. క్లబ్బంటే మరీ గొప్పది కాదు. ఒకప్పుడు సైకిళ్ళు బాగుచేసిన షెడ్డు. మూడు వైపుల ఇటుక గోడ, పడమటివైపు నిలువెత్తు గాజు కిటికీ. ఒక మూల చెక్కల వేదిక, ఇంకో మూల శీతల పానీయాల బల్ల. ఇరుక్కుని నిలబడితే నూరుమంది పట్టేవారేమో.

"అత్తయ్యగారూ, మీరే కాపాడాలి," అన్నాడాయన. "ఎదురింటి టీచరమ్మ మా మీద కత్తికట్టింది. రిటైరై, సాయంత్రం ఒక కునుకు తీద్దామంటే మా మోతకి గోడలదురుతున్నాయట. దీపాలు పెట్టేలోగా ఆపేయమంది, ఆపేస్తున్నాం. అయినా ఊరుకోవట్లేదు. గోడల నిండా మీ తెరలు కట్టేయండి."

గువ్వ సాయం చేస్తానంది. అత్తయ్య ససేమిరా అంది. "నీ పాటకి ఇది నా వంతు. చెయ్యి పెట్టావో, ఊరుకోను." ఆమె తన చేతులారా, మొద్దువేలు నొప్పిపెడుతున్నా, ముదురు నీలం తెరలు కుట్టింది. మామూలుగా వేసే కంబళి పొరకు బదులు ఈసారి రెట్టింపు మందం వేసింది. పిల్ల పాడే చోటు, లోటు జరగకూడదు. వేలాడదీసిన రోజున అందరినీ బయటికి పంపి, తెరలన్నీ మూసి, షెడ్డు నడుమ నిలబడి చప్పట కొట్టింది. దూదిలో పడ్డ గుండుసూదిలా ఆ చప్పుడు ఎటుపోయిందో తెలియలేదు. తన జీవితంలో ఇంత మంచి పని చెయ్యలేదనుకుంది.

ఆదివారం సాయంత్రం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. క్లబ్బాయన ఆమెకు కిటికీ పక్కనే, తెర తాడు వేలాడే చోట, ఎత్తు బల్ల ఒకటి వేశాడు. బయట ఇంకా బోలెడు ఎండ ఉంది. లోపల మాత్రం నీలం చీకటి. వేదికమీద రెండు చిన్న దీపాలు. జనం లోపలికి అడుగుపెడుతూనే ఎందుకో గొంతు తగ్గించేవారు. ఆమెకు తామంతా ఒక పెద్ద చెరువు అడుగున మెల్లగా నడుస్తున్నట్టు తోచింది. పైన ఎక్కడో ఎండ ఉండే ఉంటుంది, ఇక్కడికి మాత్రం రాదు.

"అత్తయ్యా, అద్దె లేకుండా ఈ గదంతా మనదే ఇవాళ," అని నిచ్చెన వంగి ఆమె చెవిలో చెప్పి వేదికెక్కాడు. తల పైదీపానికి తగిలింది. నలుగురు నవ్వారు. ఆ నవ్వు కూడా ఎంతోసేపు నిలవలేదు.

కచేరీల ఆవిడ గుమ్మం దగ్గర నిలబడింది. పొట్టి జుట్టు, చేతిలో పెద్ద సంచి. గువ్వ ఆవిడవంక ఒకసారి చూసి, కళ్ళు దించుకుని, గిటారు మీటింది.

పాట మొదలైంది. అత్తయ్య మేనకోడలి పెదవులు చూస్తోంది. మెడనరాలు పొంగుతున్నాయి, డ్రమ్ముల పిల్ల జుట్టు ఎగురుతోంది, నిచ్చెన కళ్ళుమూసుకుని ఊగిపోతున్నాడు. అన్నీ ఉన్నాయి. గొంతు మాత్రం బొంత కప్పుకుని పాడుతున్నట్టుంది. వీధి చివర మంగలి కత్తెరను ఆపిన గొంతు, ఇక్కడ పది అడుగులు నడవలేక కూలబడుతోంది. క్లబ్బాయన సౌండు యంత్రం మీది మరలు అటూ ఇటూ తిప్పుతున్నాడు. చప్పుడు పెరిగింది గానీ ప్రాణం పెరగలేదు. పాట అయ్యాక జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు. రెండో పాట. ఒకడు ఫోను తీశాడు. కచేరీల ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది.

గువ్వ కింది పెదవిమీద బొటనవేలు నొక్కుకుంది. కుట్టు తప్పినప్పుడు ఆ పిల్ల చేసే పని అది; ఎక్కడ తప్పిందో వెతుక్కునేముందు. ఎంత వెతికినా దొరకనట్టు, చివరికి మైకు దగ్గరికి వచ్చి నవ్వింది.

"ఒక్కమాట. మీ చుట్టూ ఉన్న ఈ తెరలు చూశారా? మా అత్త కుట్టింది. అదిగో, అక్కడ కూర్చుంది. నేను కుట్టు నేర్చుకున్నదీ, నోరు తెరిచి అరవడం నేర్చుకున్నదీ ఆవిడ దుకాణంలోనే."

అందరూ ఆమెవైపు తిరిగారు. మొహమాటానికి కాదు, ఈసారి మనసారా చప్పట్లు కొట్టారు. గదినిండా చేతులు కదలడం ఆమె చూసింది. చప్పుడు మాత్రం ఎవరి అరచేతుల మధ్య పుట్టిందో అక్కడే పోయింది. ఒక్కటీ గోడనుంచి తిరిగి రాలేదు.

పని కుదిరినట్టు!

స్నానాల గదిలో పరదాలుండవు. అందుకే అక్కడ ఎవరు పాడినా బాగుంటుంది. గొంతు గోడను తాకి, తిరిగి వచ్చి, పాడేవాడి భుజంమీద చెయ్యి వేస్తుంది. ఇక్కడ పిల్ల పాడుతున్న ప్రతి మాటనూ తన కంబళి నోట్లో వేసుకుని మింగేస్తోంది. నిద్రపోయే మనిషికి కుట్టినట్టే, లేచి నిలబడిన మనిషికీ కుట్టింది తను. ఆమెకు తెలిసిన ప్రేమ అదొక్కటే. తెరలు మూసి, లోకాన్ని బయట నిలబెట్టి, హుష్ అనడం.

ఈ సంగతి ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. క్లబ్బాయన యంత్రాన్ని తిట్టుకుంటున్నాడు. నిచ్చెన మైకు తీగలను అనుమానిస్తున్నాడు. గువ్వ తనను తాను అనుమానించుకుంటోంది. ఆ కళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది. అత్తయ్య చెయ్యవలసింది ఏమీ లేదు. ఉత్తినే కూర్చుంటే చాలు. ఇంకో పాటకల్లా ఆ సంచి ఆవిడ గుమ్మం దాటుతుంది. సోమవారం పొద్దున్న ఎదురు మిషను చప్పుడు వినిపిస్తుంది. కత్తెర మీద ఒట్టు కదా! ఆమె రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని కూర్చుంది. ఆ నీలంలో, ఆ మెత్తదనంలో, దూరంగా పెదవులు కదుపుతున్న పిల్లను చూస్తూ అలాగే ఉండిపోవచ్చు. ఎంత హాయి! ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. ఏ చప్పుడూ రాదు.

మూడో పాట ఎత్తుకున్నారు. డ్రమ్ములు మెల్లగా మొదలయ్యాయి. టక టకటక, టక టకటక, కొంచెం ఆగి, మళ్ళీ టక టకటక. ఆమె పాదం తనకు తెలియకుండానే నేలమీద కదిలింది. మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు. దారం తెంపడానికి ఆగే చోట పాదం ఆగింది. డ్రమ్ములూ అక్కడే ఆగాయి.

అది ఆమె మిషను.

బల్లకింద కూర్చున్న పిల్ల ఇన్నేళ్ళూ విన్నది అదేనన్నమాట. వినడానికి ముందుకు వంగింది. పిల్ల ఏదో పాడుతోంది; 'సూది' అన్నట్టుంది, 'దీపం' అన్నట్టుంది. మిగిలినదంతా తెరలు తాగేశాయి. తన గురించి కట్టిన పాట తన తెరలే తనకు వినపడనివ్వడం లేదు. ఆమె ఇంక ఆగలేదు. చేతులు బయటికి తీసి, పక్కన వేలాడే తాడు పట్టుకుని, బలంకొద్దీ లాగింది.

నీలం తెర సర్రున జారింది. అడుగున సీసపు గుళ్ళు గచ్చుమీద గలగలమన్నాయి. నిలువెత్తు గాజులోంచి సాయంకాలపు ఎండ, వానకాలువ తెగినట్టు, గదిలోకి వచ్చి పడింది. జనం కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆమె బల్లదిగి, వెనకగోడ తెర కూడా రెండు చేతులతో పోగుచేసి, ఒక మూలకు నెట్టి, కొంగు నడుముకు బిగించి, ఎర్రటి ఇటుకలు బయటపడేదాకా తోసింది.

పాట గాజును తాకింది. ఇటుకను తాకింది. వెనక్కి తిరిగి, పాడుతున్న పిల్ల చెవిలో పడింది. గువ్వ ఉలిక్కిపడి తలెత్తడం అందరూ చూశారు. తన గొంతు తనకు ఎదురొచ్చిందా అన్నట్టు ఒక్క క్షణం ఆగి, ఆ తరువాత గుండెనిండా గాలి పీల్చుకుంది.

"సగం కుట్టిన సాయంత్రం,
సూది అక్కడే ఆగింది.
నువ్వు దీపం పెట్టేదాకా
దారం నన్నే పట్టుకుంది."

ఎండలో దుమ్ము బంగారు నలుసుల్లా లేచి, డ్రమ్ముల మీద కొట్టిన ప్రతి దెబ్బకూ చెదిరి, మళ్ళీ కూడుకుంటోంది. ఎవరో ఈల వేశారు. ఫోను తీసినవాడు దాన్ని జేబులో పెట్టుకోవడం మరచి అలాగే పట్టుకుని ఊగుతున్నాడు. అత్తయ్యకు కాళ్ళకింద గచ్చు వణకడం తెలుస్తోంది. తను నిలబడి ఉందో, ఆ ఎండలో తేలుతోందో తెలియలేదు. పాత మంచం, పూలగుడ్డ, దిండుమీద చెంప, అన్నీ ఆ వెలుతురులో ఒక్కసారి వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోయాయి.

క్లబ్బాయన పరుగున వచ్చాడు. "అత్తయ్యగారూ! తెర తీశారేంటి? కొంప ముంచారు! అటు చూడండి!"

ఎదురింటి మేడ కిటికీలో టీచరమ్మ నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి ఏదో అరుస్తోంది. పాట హోరులో ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు.

"ఆవిడ సంగతి నాకొదిలెయ్," అంది అత్తయ్య. "నువ్వు ఆ పక్క తెర కూడా తీసెయ్యి."

పాట ముగిసింది. చప్పట్లు గోడలకు తగిలి, రెట్టింపై, వడగళ్ళలా తిరిగి వచ్చాయి. కచేరీల ఆవిడ సంచి నేలమీద ఉంది. ఆవిడ చేతులు రెండూ గాలిలో ఉన్నాయి.

దీపాల వేళకు కచేరీ అయిపోయింది. జనం బయటికి పోతుండగా గువ్వ చెమటతో వచ్చి అత్తయ్య ముందు నిలబడింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నాకోసం చప్పట్లు కొట్టారే, అప్పుడు."

గువ్వ లెక్క వేసుకుంది. మూడో పాట సగందాకా తెర తియ్యలేదు. అంతసేపూ అత్త ఏం ఆలోచిస్తూ కూర్చుందో ఆ పిల్లకు ఒకరు చెప్పాలా? తల వంచి, నుదురు ఆమె భుజానికి ఆనించింది.

"బుధవారం బయల్దేరమంటోంది ఆవిడ," అంది.

"మరి బట్టలు ఉతుక్కో," అంది అత్తయ్య.

ఆ తరువాత ఆమె వీధి దాటి ఎదురింటి మెట్లెక్కింది. టీచరమ్మ తలుపు తీస్తూనే అందుకుంది.

"ఇది క్లబ్బా, కొలిమా? నేను పోలీసులకి..."

"మీ పడగ్గది కిటికీ ఒకసారి కొలుచుకోనిస్తారా, టీచరుగారూ?"

"ఎందుకు?"

"పాడేవాళ్ళ కిటికీకి కట్టాల్సింది కాదది. పడుకునేవాళ్ళ కిటికీకి కట్టాల్సింది. పొరపాటున అటు కట్టాను."

టీచరమ్మ కోపం సగంలో ఆగి, ఎటు పోవాలో తెలియక నిలబడింది. "నీలం రంగేనా?" అని అడిగింది చివరికి.

సోమవారం పొద్దున్న దుకాణం తెరిచేసరికి గువ్వ ఎదురు మిషను మీద కూర్చుని ఉంది.

"నువ్వు నెగ్గావు కదే. మళ్ళీ ఇదేంటి?"

"కత్తెరకి మర్యాద ఇవ్వద్దూ? ఒక్కరోజన్నా కూర్చుంటాను."

క్లబ్బునుంచి తెచ్చిన తెరలను ఇద్దరూ కలిసి విప్పి, టీచరమ్మ కిటికీకి సరిపడా కోసి, మళ్ళీ కుట్టారు. రెండు మిషన్లూ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. టీచరమ్మ గదిలో వేలాడదీశాక అత్తయ్య చప్పట కొట్టింది. అది తిరిగి రాలేదు. "భేష్!" అని గువ్వే అంది.

బుధవారం వ్యాను వచ్చింది. నిచ్చెన మోకాళ్ళు గడ్డానికి తగిలించుకుని వెనకసీట్లో కూర్చున్నాడు. గువ్వ వీధి మలుపు దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి, "అత్తా!" అని ఒక్క కేక వేసింది. మంగలి ఆయన తలెత్తాడు.

అత్తయ్య లోపలికి వచ్చి తన మిషను ముందు కూర్చుంది. మూతపెట్టిన రెండో మిషను, దాని వెనక మసకగా ఆ పాత పూలతెర. చాలాసేపు చూసింది. లేచి వెళ్ళి, తెర అంచును రెండు చేతులతో దగ్గరికి తీసి, ఒక గుడ్డపేలికతో నడుముకు కట్టినట్టు కట్టింది. కంబళిలోంచి పాత దుమ్ము లేచింది. వీధి చప్పుళ్ళన్నీ, పాలబండి గంటలతో సహా, లోపలికి వచ్చాయి.

ఆమె తిరిగి వచ్చి పాదం కదిపింది. టక టకటక. దారం తెంపే చోట ఆగింది. ఎదురు మిషను మీద ఎండ పడి ఉంది.